గుడ్డు పెంకుతో ఏం చెయ్యొచ్చు? ఏం చెయ్యకూడదు?

గుడ్డు కూర వండుతాం. గుడ్డు కొట్టి లోపలిది గిన్నెలో వేస్తాం. పెంకు తీసుకెళ్ళి పెంట మీద పారేస్తాం. దానితో పనేముంది అనుకుంటాం.

పని ఉంది. కానీ అందరూ చెప్పేంత పని లేదు. ఈ మధ్య ఫోన్లలో వీడియోలు వస్తున్నాయి. గుడ్డు పెంకు మొక్కకు వేస్తే కాయలు విరగకాస్తాయట. పొడి చేసి తాగితే మోకాళ్ళ నొప్పులు పోతాయట. గోడకు పెడితే బల్లులు పారిపోతాయట. ఇందులో ఏది నిజం? ఏది ఉత్త మాట? ఒక్కొక్కటే చూద్దాం.

మన రాష్ట్రాల్లో గుడ్లకు కొదవ లేదు. 2023-24 లెక్కల్లో గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్ మొదటిది. తమిళనాడు రెండోది. తెలంగాణ మూడోది. గుడ్లు ఎన్నయితే పెంకులూ అన్నే కదా!

పెంకు అంటే సున్నమే

గుడ్డు పెంకు దేనితో తయారైంది? నూటికి 94 పాళ్ళు సున్నపు పదార్థం. చదువుకున్నవాళ్ళు దాన్ని కాల్షియం కార్బొనేట్ అంటారు. పేరు పెద్దది. వస్తువు మాత్రం మనకు తెలిసిందే. సున్నపురాయి అదే. చెరువులో దొరికే నత్తగుల్ల అదే. సముద్రపు ఒడ్డున దొరికే ఆల్చిప్ప అదే. ఇళ్ళల్లో పరిచే నాపరాయి, తాండూరు రాయి కూడా ఎక్కువ భాగం అదే.

పూర్వం గుల్లలు బట్టీలో కాల్చి గుల్లసున్నం చేసేవాళ్ళు. ఆ సున్నమే గోడలకు వేసేవాళ్ళు. తాంబూలంలోకి కూడా అదే. గుడ్డు పెంకు కూడా ఆ గుల్లల చుట్టమే. అలాగని ఇంట్లో పొయ్యిలో వేసి సున్నం చెయ్యాలని చూడకండి. పొయ్యి వేడి దానికి చాలదు. సరిగా కాలితే మరీ ప్రమాదం. కాలిన సున్నం చేతులను తినేస్తుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు.

పెంకులో సున్నం ఉందని మీరే పరీక్ష చేసి చూడొచ్చు. ఒక గిన్నెలో చిన్న పెంకు ముక్క వెయ్యండి. దాని మీద అరచెక్క నిమ్మకాయ పిండండి. కాసేపు చూడండి. పెంకు మీద సన్నటి బుడగలు లేస్తాయి. గోలీసోడాలో బుడగలు చూశారు కదా, అదే గాలి ఇది. మా బడి పుస్తకాల్లో దాన్ని బొగ్గుపులుసు వాయువు అని రాసేవాళ్ళు. పులుపు తగిలితే సున్నం కరుగుతుంది, ఆ గాలి బయటికి వస్తుంది. నాపరాళ్ళ గచ్చు మీద నిమ్మరసం ఒలికితే తెల్లమచ్చ పడుతుంది, ఎంత కడిగినా పోదు. దానికి కారణం కూడా ఇదే.

ఈ పరీక్ష గుర్తుపెట్టుకోండి. పెరట్లో మళ్ళీ పనికొస్తుంది.

ఒక పెంకు బరువు 5 నుంచి 6 గ్రాములు ఉంటుంది. నాటుగుడ్డు పెంకు ఇంకాస్త తక్కువ. అందులో కాల్షియం సుమారు 2 గ్రాములు. మన ఎముకల్లో, పళ్ళల్లో ఉండేది కూడా కాల్షియమే.

ముందు శుభ్రం చెయ్యాలి

పెంకు ఏ పనికి వాడినా ముందు శుభ్రం చెయ్యాలి. గుడ్డు కోడి కడుపులోంచి వస్తుంది. దాని మీద రెట్ట అంటుకుని ఉంటుంది. ఆ రెట్టలో విరేచనాలు, జ్వరం తెచ్చే క్రిములు ఉండొచ్చు. లోపల అంటుకున్న తెల్లసొన కూడా కుళ్ళి కంపు కొడుతుంది. ఈగలు ముసురుతాయి.

గుడ్డు కొట్టగానే పెంకును నీళ్ళతో కడగండి. లోపలి పొర ఊడి వస్తే తీసెయ్యండి, రాకపోతే వదిలెయ్యండి. తర్వాత ఎండలో రెండు రోజులు ఆరబెట్టండి. కాకులు ఎత్తుకుపోకుండా పైన జల్లెడ బోర్లించండి. ఎండిన పెంకులను పాత పెనం మీద సన్న సెగన పది నిమిషాలు వేయించండి. వేయిస్తే క్రిములు చస్తాయి. పెంకు పెళుసు అవుతుంది, దంచడం తేలిక.

ఉడికించిన గుడ్ల పెంకులు ఎలాగూ నీళ్ళలో ఉడికాయి. వాటిని ఆరబెడితే చాలు.

దంచేటప్పుడు ముక్కుకు, నోటికి కొంగు అడ్డం కట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరిలోకి పోకూడదు. పచ్చడి నూరే రోట్లో దంచకండి. పాత గోనెసంచిలో వేసి పైనుంచి రాయితో దంచినా నలుగుతుంది.

ఎంత మెత్తగా దంచాలి? అసలు కిటుకు ఇక్కడే ఉంది. కోడికైతే నూకల్లాగా ఉండాలి. మట్టికైతే పిండిలాగా ఉండాలి. ఈ తేడా తెలియక వేస్తే ఏ పనికీ ఫలితం కనపడదు. ఎందుకో చెబుతాను.

పెంకుకు అన్నిటికన్నా మంచి వాడకం కోళ్ళకే

నేను వయసులో చిన్నదాన్ని. కోళ్ళ పెంపకం నాకన్నా మీకే బాగా తెలుసు. అయినా కోడి లోపల జరిగేది బయటికి కనపడదు కాబట్టి చెబుతున్నాను.

కోడి కడుపులో గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది. పచ్చసొన చుట్టూ ముందు తెల్లసొన, ఆ పైన పల్చటి పొర. ఇదంతా నాలుగైదు గంటల్లో అయిపోతుంది. మిగిలిన 20 గంటలూ పెంకు కట్టడానికే. అందులో ఎక్కువ పని మనం నిద్రపోతున్నప్పుడు, రాత్రిపూట జరుగుతుంది.

ఇంత సున్నం కోడికి ఎక్కడిది? తిన్న మేతలోంచి రావాలి. మనం వేసేది ఏమిటి? నూకలు, జొన్నలు, సజ్జలు, తవుడు. వీటిలో కాల్షియం చాలా తక్కువ. కోడి బయట తిరిగి నత్తగుల్లలు ఏరుకుంటుంది, పురుగులు తింటుంది. సున్నం వేసిన గోడ ఉంటే పొడుచుకుంటుంది. మీరు చూసే ఉంటారు. గోడను ఎందుకు పొడుస్తోందని తోలేసి ఉంటారు కూడా. పాపం, దానికి సున్నం కావాలి. ఇప్పుడు ఊళ్ళల్లో సున్నం గోడలు తగ్గాయి. సిమెంటు, రంగులు వచ్చాయి. బుట్ట కింద మూసి పెంచే కోడికైతే గుల్లలు కూడా దొరకవు.

మేతలో చాలకపోతే కోడి ఏం చేస్తుంది? తన ఎముకల్లో ఉన్న కాల్షియం తీసి పెంకు కడుతుంది. కొన్నాళ్ళకు ఎముకలు బలహీనపడతాయి. కాళ్ళలో సత్తువ పోతుంది. గుడ్డు పెంకు పల్చబడుతుంది. చివరికి తోలుగుడ్డు పెడుతుంది. చేత్తో పట్టుకుంటే మెత్తగా అణిగిపోయే గుడ్డు అది.

పల్చటి పెంకు వల్ల నష్టం ఎంతో లెక్క వేద్దాం. నాటుకోడి ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు పెడుతుంది. 4 పెట్టలు ఉంటే, తక్కువలో తక్కువ 240 గుడ్లు. పదింటికి ఒకటి పగిలిందనుకోండి. 24 గుడ్లు పోయాయి. గుడ్డు 15 రూపాయల చొప్పున 360 రూపాయలు. పొదుగుకు పెట్టిన గుడ్డు చిట్లితే పిల్ల కూడా పోయినట్టే. గ్రామప్రియ కోళ్ళు తెచ్చుకున్నవాళ్ళకు ఈ లెక్క ఇంకా పెద్దది. అది ఏడాదికి 200 దాకా గుడ్లు పెట్టే జాతి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి పెంపకం కోసం తయారుచేశారు. గుడ్లు ఎక్కువ పెడుతుంది కాబట్టి సున్నం కూడా ఎక్కువ అడుగుతుంది.

పంట డబ్బు ఎవరి చేతికి వస్తుందో, ఎలా ఖర్చవుతుందో మనకు తెలుసు. గుడ్ల డబ్బు మాత్రం మీ కొంగున ముడి పడుతుంది. పిల్లవాడికి పలక అయినా, మీకు జ్వరం మాత్ర అయినా ఒకరిని అడగకుండా కొనుక్కునేది ఆ డబ్బుతోనే. అందుకే ఈ 360 రూపాయలు నాకు చిన్నవిగా కనపడవు.

పెంకు పెట్టే పద్ధతి ఇది. కడిగి, వేయించిన పెంకును నూకల సైజులో దంచండి. మేతలో కలపకండి. విడిగా ఒక కొబ్బరి చిప్పలో పోసి, కోళ్ళు తిరిగే చోట పెట్టండి. కావలసిన కోడి కావలసినంత తింటుంది, అక్కర్లేనిది ముట్టదు. ఆ తెలివి దానికి ఉంది. 5 పెట్టలకు రోజుకు రెండు మూడు చిన్న చెంచాలు పోస్తే సరిపోతుంది. సాయంత్రం పూట తాజాగా పొయ్యండి. పెంకు కట్టేది రాత్రి కదా. నూక సైజు ముక్క కోడి కందనకాయలో నిలిచి, మెల్లమెల్లగా అరుగుతుంది. రాత్రంతా సున్నం అందుతుంది. పిండిలా దంచితే తొందరగా జారిపోతుంది. కోడికి పిండి వద్దని చెప్పింది అందుకే.

ఈ మాట చెబుతుంటే ఒక అక్క నన్ను ఆపింది.

"టీచరమ్మా, పెంకు పెడితే కోడి రుచి మరగదా? తన గుడ్డు తనే పొడుచుకు తినదా?"

"నిజమే అక్కా. పచ్చి పెంకును డిప్పలు డిప్పలుగా పడేస్తే అలాగే అవుతుంది. లోపల సొన ఉంటుంది. కోడి ఆ రుచి పడుతుంది. ఆ ఆకారం కూడా గుర్తుపడుతుంది. అందుకే వేయించి, గుడ్డు అని పోల్చుకోలేకుండా దంచాలి."

"మరి చిన్న పిల్లలు కూడా ఏరుకుతింటాయి కదమ్మా?"

మంచి ప్రశ్న అడిగింది. కోడిపిల్లలకు ఇంత సున్నం పనికిరాదు. ఎక్కువైతే వాటి మూత్రపిండాలు చెడిపోతాయి. గుడ్లు పెట్టే వయసు వచ్చాకే పెట్టాలి. నాటుకోడికి ఆరేడు నెలలు దాటాలి. పిల్లలు తిరిగే చోట చిప్పను కాస్త ఎత్తున, రాయి మీద పెట్టండి.

మన ఇంటి పెంకులు చాలవనుకుంటే బజారులో ఆమ్లెట్ బండి దగ్గర అడిగితే బోలెడు ఇస్తారు. కానీ ఊరూపేరూ తెలియని కోళ్ళ పెంకులవి. వాటితో కొక్కెర తెగులు మన ఇంటికి రావచ్చు. బయటి పెంకును వేయించకుండా గడప లోపలికి తేకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చింది. మీ చుట్టుపక్కల అలాంటిది వచ్చిందని తెలిస్తే బయటి పెంకులు అసలు తీసుకోవద్దు.

ఇంకొక సంగతి. తోలుగుడ్డు పెట్టిన ప్రతిసారీ సున్నం లోపమే అనుకోకూడదు. పెట్ట పెట్టే మొదటి గుడ్డు ఒక్కోసారి అలాగే వస్తుంది. ఎండాకాలంలో కోడి నోరు తెరిచి రొప్పుతుంది. అప్పుడు కూడా పెంకు పల్చబడుతుంది. నీడ, చల్లటి నీళ్ళు ఇవ్వాలి. కోళ్ళన్నీ ఒక్కసారిగా గుడ్లు మానేసినా, ఆకుపచ్చగా పారినా, మెడలు వంకర తిరిగినా అది రోగం. పెంకు పొడితో పోయేది కాదు. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి. కొక్కెర తెగులుకు ముందుగా టీకా వేయించడమే దారి.

పెరట్లో పెంకు

మొక్కకు పెంకు వేస్తే ఏమవుతుంది? సున్నం అందుతుంది. అంతే. మొక్క పచ్చగా ఎదగాలంటే నత్రజని కావాలి. భాస్వరం, పొటాష్ కావాలి. పెంకులో ఇవి దాదాపు లేనట్టే. కాబట్టి పెంకు ఎరువు కాదు. పశువుల పేడ, ఆకు కుళ్ళిన ఎరువు ఎరువు. పెంకును వాటితో కలిపి వెయ్యొచ్చు, వాటి బదులు వెయ్యకూడదు.

మీ మట్టికి సున్నం కావాలా వద్దా? నిమ్మకాయ పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. పెరట్లో మట్టి ఒక చెంచాడు ఎండబెట్టండి. దాని మీద నిమ్మరసం పొయ్యండి. చెవి దగ్గర పెట్టుకోండి. బుస్సుమని చిన్న చప్పుడు, బుడగలు వచ్చాయా? అయితే ఆ మట్టిలో సున్నం ముందే ఉంది. నల్లరేగడి నేలల్లో ఇది మామూలే. తవ్వితే తెల్లటి సున్నపు గడ్డలు కూడా కనపడతాయి. అలాంటి చోట పెంకు వేసి లాభం లేదు. నిమ్మచెట్టుకైతే నష్టం కూడా. సున్నం ఎక్కువైన నేలలో నిమ్మ ఆకు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఎర్రటి ఇసుక నేలల్లో, కుండీల్లో సున్నం తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ పెంకు పనికొస్తుంది. ఈ పరీక్ష ఉజ్జాయింపు మాత్రమే. కచ్చితంగా తెలియాలంటే భూసార పరీక్ష చేయించాలి.

మట్టిలో వేసే పెంకు పిండిలా ఉండాలని ముందే అన్నాను. చేత్తో నలిపిన ముక్కలు మట్టిలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. పెంటకుప్ప తవ్వినప్పుడు పాత పెంకులు తెల్లగా బయటపడతాయి, మీరు చూసే ఉంటారు. కరగనిది మొక్క ఎలా తాగుతుంది? పిండి చేస్తేనే మట్టిలోని పులుపు తగిలి నెమ్మదిగా కరుగుతుంది. దాన్ని కూడా నాటే ముందే మట్టిలో కలపాలి. టమాటా, మిరప మొక్కకు గుంటకు రెండు మూడు చెంచాలు, గుప్పెడు పాత ఎరువుతో కలిపి వెయ్యండి. కాయ పడ్డాక పైన చల్లితే ఈ కాపుకు అందదు.

టమాటా కాయ అడుగున నల్లగా, తోలులాగా మచ్చ పడుతుంది. అది కాయకు కాల్షియం అందక వచ్చేది. దీనికి పెంకు వెయ్యమని అందరూ చెబుతారు. అయితే మట్టిలో కాల్షియం ఉన్నా ఆ మచ్చ రావచ్చు. కాల్షియం మొక్కలోకి నీళ్ళతో పాటే ఎక్కుతుంది. నాలుగు రోజులు ఎండగట్టి, అయిదో రోజు బిందెలు బిందెలు పోస్తే కాయ దాకా పోదు. రోజూ కొద్దికొద్దిగా నీళ్ళు పొయ్యండి. మొదట్లో గడ్డి కప్పండి. పెంకు కన్నా ఇదే ఎక్కువ పని చేస్తుంది.

పొలానికి పెంకు చాలుతుందా? వేరుశనగ రైతులు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తారు. కాయ గట్టిగా ఊరడానికి. "జిప్సం కొనే బదులు పెంకులు వేస్తే?" అని ఒక ఇంట్లో అడిగారు. లెక్క చూద్దాం. ఇంట్లో వారానికి 10 గుడ్లు వాడితే 60 గ్రాముల పెంకు. ఏడాదికి 52 వారాలు. 52 ను 60 తో గుణిస్తే 3,120 గ్రాములు. అంటే 3 కిలోల చిల్లర. 200 కిలోలు పోగెయ్యాలంటే 60 ఏళ్ళు దాటుతుంది! పైగా జిప్సం నీళ్ళకు కరుగుతుంది, గంధకం కూడా ఇస్తుంది. పెంకు ఆ పని చెయ్యలేదు. పెంకు కుండీలకు, పాదులకు. ఎకరాలకు కాదు.

పెరట్లో నాకు బాగా నచ్చిన వాడకం వేరే ఉంది. సగం పెంకులో విత్తనం పెట్టడం. బీర, సొర, దోస విత్తనాలు ఒక చోట మొలిపించి, పీకి వేరే చోట నాటితే వేరు కదిలి మొక్క ముడుచుకుపోతుంది. పెంకులో పెడితే వేరు కదలదు. గుడ్డును మొనవైపు చిన్నగా కొట్టి సొన తీసుకోండి. పెద్ద డిప్ప మిగలాలి. అడుగున సూదితో ఒక చిల్లు చెయ్యండి, నీళ్ళు పోవాలి. సగం మట్టి, సగం చివికిన ఎరువు కలిపి నింపండి. ఒక విత్తనం పెట్టండి. గుడ్లు వచ్చే అట్ట ట్రేలో డిప్పలు వరసగా నిలబెట్టండి. పెంకులో మట్టి తక్కువ కాబట్టి తొందరగా ఆరిపోతుంది. ఉదయం, సాయంత్రం చెంచాతో నీళ్ళు పొయ్యండి. రెండు ఆకులు విచ్చుకున్నాక, 10, 12 రోజులకు నాటెయ్యాలి. ఇంకా ఉంచితే వేరుకు చోటు చాలదు. నాటేటప్పుడు డిప్పను అరచేతిలో మెల్లగా నొక్కి చిట్లగొట్టండి. చిట్లకపోతే వేరు బయటికి రాలేదు. ఈ ఒక్కటి మరిచిపోతే పడ్డ శ్రమంతా వృథా.

పెంకు చల్లితే నత్తలు రావని కూడా అంటారు. వాటి పొట్ట గీసుకుపోతుందట. ఇంగ్లండులో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అనే తోటల సంస్థ దీన్ని పరీక్షించి, 2018లో ఫలితం చెప్పింది. పెంకులు చల్లిన మొక్కలను, చల్లని మొక్కలను నత్తలు ఒకేలా తిన్నాయి. వానాకాలం రాత్రి దీపం పట్టుకుని ఏరి పారెయ్యడమే మనకు దిక్కు. ఏరేటప్పుడు చేతికి కవరు తొడుక్కోండి.

పెంకు పొడి తినొచ్చా?

ఇంట్లో చేసిన పొడి తినకండి. ముఖ్యంగా గర్భిణులు తినకండి.

పెంకులో కాల్షియం ఉన్న మాట నిజమే. కానీ ఒక ఆడమనిషికి రోజుకు కావలసిన కాల్షియం సుమారు 1 గ్రాము. ఒక్క పెంకులో 2 గ్రాములు ఉంది. "ఒక చెంచా" అని వీడియోలో చెబుతారు. ఎవరి చెంచా ఎంత? పొడి ఎక్కువైతే మలబద్ధకం వస్తుంది. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. సరిగా నలగని ముక్క గాజుపెంకులా గొంతులో గీసుకుంటుంది. క్రిముల సంగతి ముందే చెప్పాను. మోకాళ్ళ నొప్పి కాల్షియం లోపం వల్లే వస్తుందని కూడా లేదు. అరుగుదల వల్ల వచ్చిన నొప్పికి ఎంత సున్నం తాగినా ఏం లాభం?

కాల్షియం మనకు ఉచితంగా దొరికే దారి ఉంది. గర్భిణులకు నాలుగో నెల నుంచి ప్రభుత్వ ఆసుపత్రిలో కాల్షియం మాత్రలు ఇస్తారు. ఒక్కో మాత్రలో 500 మిల్లీగ్రాములు. రోజుకు రెండు. అన్నం తిన్నాక వేసుకోవాలి. కాన్పు అయ్యాక కూడా ఆరు నెలలు వాడాలి. మీకు అందకపోతే ఆశా అక్కను, ఏఎన్ఎంను అడగండి. అది మీ హక్కు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. కాల్షియం మాత్ర, రక్తం పట్టే ఐరన్ మాత్ర ఒకేసారి మింగకూడదు. కలిసి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం, రాత్రి పడుకునేముందు ఐరన్, ఇలా ఏర్పాటు చేసుకోండి. డాక్టరు వేరేగా చెబితే అలా చెయ్యండి.

తిండిలో అయితే రాగులు ఉన్నాయి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. అదే బియ్యంలో 10 కూడా ఉండదు. రాగి సంకటి, రాగి జావ, మునగాకు, నువ్వులు, పాలు, మజ్జిగ. ఇవి తింటే చాలు. గుడ్డు తినండి, పెంకు కోడికి పెట్టండి.

పళ్ళపొడిగా కూడా వాడకండి. ఇంట్లో ఎంత దంచినా గరుకు పోదు. పంటి పైపూత అరిగిపోతుంది. ఒకసారి అరిగితే అది మళ్ళీ రాదు.

ఇంట్లో చిన్న చిన్న పనులు

మూతి ఇరుకు సీసాలు కడగడం ఎంత కష్టమో తెలుసు కదా. చెయ్యి పట్టదు, బ్రష్ వంగదు. రెండు పెంకులు నలిపి సీసాలో వెయ్యండి. సబ్బునీళ్ళు సగం దాకా పొయ్యండి. మూత పెట్టి గట్టిగా ఊపండి. నూనె జిడ్డు, అడుగున పట్టిన పాచి ఊడి వచ్చేస్తాయి. తర్వాత మంచినీళ్ళతో రెండు సార్లు కడగండి. పసిబిడ్డ పాలసీసాకు మాత్రం ఇది వద్దు. ఎక్కడైనా ముక్క ఇరుక్కుంటే బిడ్డ నోట్లోకి పోతుంది.

మసి పట్టిన గిన్నె అడుగుకు పెంకు పొడి, బూడిద కలిపి పీచుతో తోమితే మసి పోతుంది. నాన్‌స్టిక్ పెనానికి, తళతళలాడే స్టీలుకు వద్దు. గీతలు పడతాయి. తోమిన పొడిని తూములోకి పోనివ్వకండి. అడుగున పేరుకుని నీళ్ళకు అడ్డం పడుతుంది. పక్కకు తీసి మట్టిలో పారబొయ్యండి.

బల్లుల సంగతి. గోడ మూల మీద పెంకులు పెట్టే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది. మా పక్కింటి పిన్ని ట్యూబ్‌లైట్ పక్కనే మేకుకు రెండు డిప్పలు తగిలించింది. బల్లి వాటి మీద నుంచే పురుగులు పట్టుకుంటోంది. దీపం దగ్గర పురుగులు ఉన్నంత కాలం బల్లి వస్తుంది. కడగని పెంకు గోడ మీద పెడితే ఆ వాసనకు చీమలు, బొద్దింకలు కూడా వస్తాయి.

మెత్తగా దంచి, సన్నటి గుడ్డలో జల్లించిన పొడి ముగ్గుకు బాగుంటుంది. బజారు ముగ్గుపిండి కూడా రాతిపొడే కదా. రెండు పాళ్ళ ముగ్గుపిండికి ఒక పాలు పెంకు పొడి కలపండి. చేతిలోంచి చక్కగా జారుతుంది. రంగు కలిపితే పడుతుంది. తెల్లగుడ్ల పెంకు అయితే తెల్లగా వస్తుంది, నాటుగుడ్డు పెంకు అయితే కాస్త గోధుమ రంగు తిరుగుతుంది. పొడిని తడి లేని డబ్బాలో పోసి, మూత పెట్టి, పైన "గుడ్డు పెంకు పొడి – తినకూడదు" అని రాసి అంటించండి. ఉప్పు డబ్బా, సోడాపొడి డబ్బా పక్కన పెట్టకండి. ఒకటి మాత్రం ఉంది. చీమలకు, పిచ్చుకలకు మేతగా ఉండాలని ముగ్గు వేసేవాళ్ళు బియ్యప్పిండితోనే వెయ్యండి. పెంకు ముగ్గును చీమ ముట్టదు.